మా తమ్ముడు వద్దన్న బ్రేకు

ఆ బండి అప్పట్లో రెండు రకాలుగా దొరికేది. రంగు, ఇంజను, సీటు అన్నీ ఒకటే. ఒకదానికి ఏబీఎస్ ఉండేది, ఇంకోదానికి ఉండేది కాదు. నంద్యాల షోరూములో రెండింటినీ పక్కపక్కనే నిలబెట్టారు. మా తమ్ముడు ఒకదాని మీద కూర్చుని లేచి, రెండో దాని మీద కూర్చుని, మళ్లీ మొదటి దాని దగ్గరికే వచ్చాడు. నేనూ మా ఆయనా వాడి వెంట వెళ్లాం. వాడు చెప్పులు కొన్నా నలుగురిని వెంటబెట్టుకుని పోయే రకం. బండి కొంటూ ఒంటరిగా ఎందుకు పోతాడు?

షోరూము అతను ఏబీఎస్ అంటే ఏమిటో ఓపికగా చెప్పాడు. మనం భయపడి బ్రేకు గట్టిగా నొక్కితే చక్రం తిరగడం పూర్తిగా ఆగిపోతుంది, బండి మాత్రం ముందుకు జారుతూనే ఉంటుంది, అప్పుడే మనిషి పడతాడు. ఇది ఉంటే చక్రాన్ని అలా బిగుసుకుపోనివ్వదు, బ్రేకును తనే పట్టి వదిలి, పట్టి వదిలి బండిని నిలువునా ఆపుతుంది అన్నాడు. మా ఆయన తల ఊపాడు. ఆయన కరెంటాఫీసులో పనిచేస్తాడు. ఏ వస్తువైనా కాపాడేది ఏదో ఒకటి లోపల ఉండాలని ఆయన నమ్మకం.

"ఏమప్పా, ఇంకేం ఆలోచిస్తాండావు? ఆ బ్రేకుండేదే తీసుకో" అన్నాడు.

"అది టౌన్లో తిరిగేటోళ్లకు బావా" అన్నాడు మా తమ్ముడు. "మా రోడ్ల మీద జొన్నలు ఆరబోసింటారు, కంకర పోసింటారు. ఆడ ఇది పట్టి వదిలి, పట్టి వదిలి అంటా ఉంటే బండి పోతానే ఉంటాది. నాకు కాలు బ్రేకు చాలు."

"మరి వానొస్తేనో?"

"మనకు వాన యాడొస్తాది బావా?"

షోరూము అతనితో సహా అందరం నవ్వాం. వాడు చెప్పినదాంట్లో తప్పు కూడా లేదు. కంకర మీద, గింజల మీద ఆ బ్రేకు బండిని కొంచెం ఎక్కువ దూరం తీసుకుపోతుందని తర్వాత నేనే తెలుసుకున్నాను. వాడు ఊరికే మొండికేసి అన్న మాట కాదు. రోజూ ఆ రోడ్ల మీద తిరిగేవాడు.

వాడిది డ్రిప్ పైపుల వ్యాపారం. బనగానపల్లెలో చిన్న అంగడి. మామిడి తోటలకు, బొప్పాయి తోటలకు పైపులు వేసి, ఎక్కడ నీళ్లు రాకపోతే అక్కడికి పోయి సరిచేసి వచ్చేవాడు. కోవెలకుంట్ల వైపు, జమ్మలమడుగు వైపు వాడికి తెలియని పొలం దారి లేదు. పొద్దున టిఫిను తిని బయలుదేరితే సాయంత్రానికి ఎర్రమట్టి కొట్టుకుని వచ్చేవాడు. తిరిగి వచ్చేటప్పుడు వెనక సీటు మీద ఎవరో ఒకరు ఉండేవారు, బస్సు తప్పిన ముసలాయనో, బడి నుంచి వస్తున్న టీచరమ్మో. ఖాళీ సీటుతో బండి నడపడం వాడికి నచ్చేది కాదు.

ఎక్కువసార్లు ఆ సీటు మీద మా అమ్మే ఉండేది. నాన్న పోయినప్పటి నుంచి అమ్మ తమ్ముడి దగ్గరే ఉంది. గుడికైనా, పెళ్లికైనా, కంటి డాక్టరు దగ్గరికైనా వాడే తీసుకుపోవాలి. ఒకసారి గండికోట చూపిస్తానని తీసుకెళ్లాడు. లోయ అంచు దాకా రమ్మంటే అమ్మ దూరంగా బండ మీదే కూర్చుని, "నువ్వు చూసి రాపో, నాకు చెప్పు" అందట. వాడు పోయి చూసి వచ్చి, పెన్నా ఎలా ఉందో, ఆ రాళ్లు ఎలా పేర్చినట్టు ఉన్నాయో అంతా చెప్పాడట. ఇంటికి వచ్చాక తను కళ్లతో చూసినట్టే అమ్మ మాకు చెప్పింది.

బండి ఎక్కితే అమ్మ వాడి నడుము చుట్టూ చేయి వేసి పట్టుకునేది. స్పీడు బ్రేకరు వస్తే రెండో చేయి కూడా వేసేది. "మాయమ్మ ఎక్కితే నాకు బెల్టే అక్కర్లేదు" అని వాడు మమ్మల్ని నవ్వించేవాడు.

వాన వచ్చింది. బండి కొన్న రెండో ఏడు, ఎండాకాలం చివర వచ్చిన మొదటి వాన.

బేతంచెర్లలో మా పిన్ని ఇంట్లో మనవడిని తొట్టిల్లో వేసే వేడుక. అమ్మ ముందు రోజే పోయింది. తిరిగి తీసుకురావడానికి తమ్ముడు వెళ్లాడు. భోజనాలయ్యాక మబ్బు పట్టింది. వాడు కాసేపు ఆగుదాం, టీ తాగి పోదాం అన్నాడట. "పెద్దదయ్యేలోపల పోదాం పా" అని అమ్మే లేచింది.

ఆ దారి పొడుగునా బండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలు ఉంటాయి. రాయిని కోసేటప్పుడు, నున్నగా చేసేటప్పుడు తెల్లటి పొడి నీళ్లలో కలిసి జావలాగా వస్తుంది. దాన్ని ట్రాక్టర్లలో తీసుకుపోతూ ఉంటే దారి మీద ఒలుకుతుంది. ఎండాకాలమంతా అది రోడ్డు మీద ఎండి, పిండి చల్లినట్టు కనిపిస్తుంది. ఎండి ఉన్నప్పుడు దాంతో పెద్ద ఇబ్బంది లేదు. మొదటి చినుకులు పడ్డప్పుడు మాత్రం సబ్బు రాసినట్టు అవుతుంది. పెద్ద వాన వస్తే కొట్టుకుపోతుంది. ఆ రోజు పెద్ద వాన రాలేదు. చినుకులే పడ్డాయి.

ఒక ఫ్యాక్టరీ గేటులోంచి బండలతో నిండిన ట్రాక్టరు రోడ్డు మీదికి వచ్చింది. తమ్ముడు బ్రేకు వేశాడు. బండి ముందు చక్రం బిగుసుకుపోయి పక్కకు జారింది. రోడ్డు పక్కన అమ్మకానికి బండలు వరుసగా నిలబెట్టి ఉన్నాయి. వాడు జారుకుంటూ పోయి వాటికి తగిలాడు. హెల్మెట్టు పెట్టుకున్నాడు, అది చెక్కుచెదరలేదు. దెబ్బ రొమ్ముకు తగిలింది. అమ్మ రెండో వైపు పడింది. మణికట్టు విరిగింది. ట్రాక్టరు డ్రైవరు, ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చి ఇద్దరినీ ఒకే ఆటోలో ఎక్కించారు. ఆసుపత్రికి చేరేలోపలే వాడు పోయాడు. అమ్మ పక్కనే ఉంది.

అంతకంటే ఆ రోజు గురించి నేను రాయలేను.

మరుసటి రోజు మా ఆయన పోలీసులతో పాటు ఆ చోటికి పోయి వచ్చాడు. ఏం చూశాడో చాలా రోజులు నాకు చెప్పలేదు. ఏబీఎస్ మాట అసలు ఎత్తలేదు. మేమిద్దరమే ఉన్నప్పుడు కూడా "నేను ఆ రోజే చెప్పినా" అనలేదు. అనకుండా ఉండడానికి ఎంత కష్టపడ్డాడో ఆయన మొహంలో నాకు తెలిసేది. షోరూము ఉన్న వీధి రాకుండా చుట్టు తిరిగి పోయేవాడు.

కర్మాంతరాలు అయిపోయి చుట్టాలంతా వెళ్లిపోయిన తర్వాత ఒక పొద్దున అమ్మే ఆయన్ని అడిగింది. నేను వంటింట్లో ఉన్నాను. మరదలు, అంటే తమ్ముడి భార్య, బిడ్డకు జడ వేస్తోంది. అమ్మ వరండాలో కట్టు కట్టిన చేయి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఏమప్పా, నువ్వు బండ్ల అంగట్లో ఒక బ్రేకు తీసుకోమంటివంట గదా. వాడు నవ్వుతా చెప్పినాడు నాకు. అదుండింటే నా కొడుకు బతికిండునా?"

మా ఆయన వెంటనే జవాబు చెప్పాడు. ముందే సిద్ధం చేసుకుని పెట్టుకున్నట్టు.

"లేదత్తా. ఆ బురదలో ఏ బ్రేకైనా అంతే. ఏదున్నా పడేదే."

"అట్లనా" అంది అమ్మ.

ఇంటికి వచ్చాక నేను అడిగాను, అది నిజమేనా అని.

"నిజం యావనికి తెలుసు?" అన్నాడు. తను చూసింది అప్పుడు చెప్పాడు. ఆ తెల్ల బురదలో ముందు చక్రం గీసిన గీత ఇంకా ఉందట. చక్రం తిరిగిన గుర్తులు లేవట. గరిటెతో నెయ్యి గీసినట్టు నున్నగా ఉందట. "చక్రం తిరగకుండా జారిపోయింది. ఆ బ్రేకు ఉండింటే అట్ల కానిచ్చుండదు. ట్రాక్టరును గుద్దుకునేవాడేమో, పక్కనుంచి తప్పించుకునేవాడేమో. ఏదైనా బండి మీద నిలబడైతే ఉండేవాడు."

"మరి అమ్మకు అట్ల చెప్పితివే?"

"ఇంకెట్ల చెప్పమంటావు ఆమెకు?"

కొడుకు ఒక చిన్న వస్తువు లేక పోయాడని తల్లికి తెలియడం కంటే, ఏం చేసినా దక్కేవాడు కాదని అనుకోవడమే మేలని నేనూ అనుకున్నాను.

అంగడిని మరదలు తీసుకుంది. మొదట్లో పైపుల సైజులు కూడా తెలియక రైతుల్నే అడిగి ఇచ్చేది. ఒక స్కూటీ కొనుక్కుంది. పొలాలకు పోవడానికి ఒక మనిషిని పెట్టుకుంది. అమ్మ ఇంట్లోనే ఉండేది. చేయి అతుక్కుంది, కట్టు విప్పారు, కానీ అమ్మ ఆ చేత్తోనే కాదు, ఏ చేత్తోనూ ఏదీ గట్టిగా పట్టుకునేది కాదు. మనవరాలు వచ్చి ఒళ్లో కూర్చుంటే రెండు చేతులూ పక్కన పెట్టుకునేది. ఎత్తుకోమని ఆ బిడ్డ ఏడిస్తే "మీయమ్మ దగ్గరికి పో" అనేది. రోడ్డు దాటేటప్పుడు కూడా దాని చేయి పట్టుకునేది కాదు. నొప్పేమో అనుకుని రెండుసార్లు డాక్టరుకు చూపించాం. ఎముక బాగానే ఉందన్నాడు. బండి ఎక్కడం పూర్తిగా మానేసింది. ఎక్కడికైనా ఆటోలోనే, లేకపోతే నడకే. మరదలి కళ్లలోకి సూటిగా చూసి మాట్లాడేది కాదు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండేవారు. ఒకళ్లు ఉన్న గదిలో ఇంకొకళ్లు ఎక్కువసేపు ఉండేవారు కాదు. దుఃఖం అంతే కాబోలు అనుకున్నాం.

కొన్నేళ్లకు మా ఆయన పాత బండి మూలన పడి కొత్తది కొనాల్సి వచ్చింది. అప్పటికి ఆ సైజు బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది, ఎంచుకునే పనే లేకుండా పోయింది. బండి తెచ్చిన ఆదివారం మార్కెట్ యార్డు ఖాళీగా ఉంటే అక్కడికి తీసుకుపోయాడు. నేల మీద నీళ్లు పోసి, నన్ను వెనక కూర్చోబెట్టుకుని, కావాలని గట్టిగా బ్రేకు వేసి చూశాడు. బండి కింద ఏదో టకటకా కొట్టుకుంది, సీటు సన్నగా అదిరింది, బండి నేరుగా నిలబడింది. ఆయన దిగి, యార్డు గోడ వైపు తిరిగి చాలాసేపు నిలబడిపోయాడు. నేను పక్కకు పోలేదు. ఆ ఏడుపు ఆయనది, ఆయన్ని ఏడవనిచ్చాను.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. ఒకరోజు మేము బనగానపల్లెలో అమ్మ దగ్గర ఉండగా, పిన్నికి ఒంట్లో బాగాలేక నంద్యాల ఆసుపత్రిలో చేర్చారని కబురొచ్చింది. అమ్మకు మిగిలింది ఆ ఒక్క చెల్లెలే. బస్సు అప్పుడే పోయింది. ఆటో కోసం చూస్తుంటే అమ్మ తనంతట తనే "బండి మీదే పోదాం పాండి" అంది. మేమంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మా ఆయన వెనక అమ్మ కూర్చుంది. మరదలి స్కూటీ మీద నేనూ మరదలూ వాళ్ల వెనకే బయలుదేరాం. మరదలు నడుపుతోంది. దారి మధ్యలో జల్లు పట్టింది. ఆగుదామంటే అమ్మ వద్దంది.

పాణ్యం ఇంకా రాకముందు, ఒక కంది చేను పక్కన, గొర్రెల మంద ఒక్కసారిగా రోడ్డు మీదికి వచ్చింది. మేము దూరంగా ఉన్నాం కాబట్టి మెల్లగా ఆగాం. మా ఆయన ముందున్నాడు. బ్రేకు వేయడం నాకు కనిపించింది. అమ్మ రెండు చేతులూ ఆయన నడుము చుట్టూ వేసి, మొహం ఆయన వీపుకు ఆనించి బిగించి పట్టుకుంది. తడి రోడ్డు మీద బండి కుదుపులు కుదుపులుగా పోయి, గొర్రెలకు ఇవతల నిటారుగా నిలబడింది. గొర్రెలు అటూ ఇటూ విడిపోయి బండి చుట్టూ దాటుతున్నాయి.

మేము స్కూటీ ఆపి దగ్గరికి వచ్చేసరికి అమ్మ బండి దిగింది. దిగి తన చేతుల వైపు చూసుకుంది.

"బండి పడలేదే" అంది.

"పడలేదు అత్తా. భయపడద్దు. ఏం కాలేదు" అన్నాడు మా ఆయన.

"నేను నిన్ను గట్టిగ పట్టుకుంటి గదా. రెండు చేతుల్తో పట్టుకుంటి. ఐనా పడలేదే."

అమ్మ మళ్లీ తన చేతులే చూసుకుంది.

"వాన్నీ ఇట్లనే పట్టుకుంటి" అంది. "ట్రాక్టరును చూసి భయపడి గుంజి పట్టుకుంటి. నేను గుంజినందుకే వాడు పడినాడు అనుకుంటి."

గొర్రెల కాపరి మమ్మల్నే చూస్తూ నిలబడ్డాడు. అమ్మ మా ఆయన వైపు తిరిగింది.

"ఏ బ్రేకైనా అంతే అంటివి గదప్పా. బ్రేకుది ఏం లేకపోతే ఇంకేముండాది? బండి మీద ఉండేది వాడూ, నేనూ. వాడు ఎప్పుడన్నా పడినాడా? నేనే గదా అనుకుంటి. ఇన్నాళ్లూ అదే అనుకుంటి."

మా ఆయన బండికి స్టాండు వేసి, వానలో ఆమె ముందు నిలబడి చెప్పాడు. ఆయన గొంతు అట్లా వినడం నాకు అదే మొదటిసారి.

"అబద్ధం చెప్పినా అత్తా. నువ్వు తట్టుకోలేవని చెప్పినా. ముందు చక్రం బిగుసుకుపోయింది. దాన్ని నేను కండ్లార చూసినా, రోడ్డు మీద గీత ఉండె. నువ్వు పట్టుకున్నందుకు పడలేదు. నువ్వు లేకపోయినా పడిండేవాడు."

"అంటే అదుండింటే బతికిండునా?"

"బతికిండొచ్చు. ఖాయంగా నేను చెప్పలేను. నీ చేతుల్ది మాత్రం ఏం లేదు అత్తా."

అమ్మ రోడ్డు పక్కన తడి గడ్డిలో కూర్చుండిపోయింది. కొడుకు పోయినప్పుడు అమ్మ ఏడ్చింది, కానీ ఇలా ఏడవలేదు. అప్పుడు నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడ్చినట్టు ఉండేది. ఇప్పుడు వాడి పేరు పిలిచి, వాడి చిన్నప్పటి ముద్దుపేరు పిలిచి ఏడ్చింది. మరదలు ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఆ రెండు చేతులూ పట్టుకుంది.

"ఇదంతా కడుపులో పెట్టుకోని నా ఎదురుగానే తిరుగుతాంటివా అత్తా? ఒక్క మాట చెప్పకపోతివే."

"ఏమని చెప్పేది మేయ్? నీ మొగున్ని నేను పడేసినా అని చెప్పేదా?"

మరదలు తన కొంగుతో అమ్మ చేతులు తుడిచింది, వేలు వేలూ తుడిచింది. వాన పడుతూనే ఉంది, తుడిచినవి తుడిచినట్టే తడిసిపోతున్నాయి.

ఆసుపత్రికి ఆలస్యంగా చేరాం. పిన్ని నిద్రపోతోంది. అమ్మ ఆమె మంచం పక్కన కూర్చుని ఆమె చేయి తన చేతిలోకి తీసుకుని, మేము వెళ్దామనే దాకా వదల్లేదు. పిన్ని కోలుకుంది.

ఇదంతా జరిగాక మా ఇంట్లో మంచే జరిగిందని చెబితే వినడానికి బాగుంటుంది. కొంత నిజమే. అమ్మ మనవరాలిని ఎత్తుకుంటోంది, అది బరువెక్కి ఇక ఎత్తుకునే వయసు దాటిపోయాక కూడా. అత్తాకోడళ్లు పొద్దున్నే ఒకే చోట కూర్చుని టీ తాగుతారు. తను చంపలేదని అమ్మకు తెలిసింది. వాడు బతికి ఉండేవాడేమో అని కూడా తెలిసింది. మొదటిది తీసుకుపోయిన బరువు చోట రెండోది వచ్చి కూర్చుంది. ఒక మధ్యాహ్నం నేను పోయేసరికి కందిపప్పు చెరుగుతూ చేట ఆపి, "ఇంత చిన్నదానికే పాయె గదమ్మా" అంది. ఎవరితోనో మాట్లాడుతున్నట్టు అంది. మళ్లీ చెరగడం మొదలుపెట్టింది.

మా ఆయన మాత్రం ఆ విషయంలో తనను తాను క్షమించుకున్నట్టు లేదు. మంచి చేద్దామని చెప్పిన మాట ఆమెను ఏళ్ల తరబడి అలా కూర్చోబెట్టిందని ఇప్పటికీ అంటాడు. తెలిసి చేశావా అని నేను అంటాను.

నేను పనిచేసే స్కూల్లో టీచర్లు ఎవరైనా బండి కొంటూ ఏబీఎస్ అవసరమా, ఊరికే ఖర్చా అని నన్ను అడుగుతారు. చిన్న బండ్లకు ఇప్పటికీ కొన్నిటికి ఉంటుంది, కొన్నిటికి ఉండదు. నేను తీసుకోండి అంటాను. అది ఉంటే ఎవరూ పోరని కాదు. దుమ్ము రోడ్డు మీద అది పెద్దగా పనికిరాదు. వేగంగా పోయేవాడిని అది కాపాడలేదు. కానీ అది లేని బండి మీద పోయిన మనిషి ఇంట్లో మిగిలేవాళ్లు, అది ఉంటే బతికేవాడా అనే ప్రశ్నతోనే బతకాలి. ఆ ప్రశ్న ఎంత పెద్దదో వాళ్లకు చెప్పడం నాకు చేతకాదు. తీసుకోండి అని మాత్రం అంటాను.

అమ్మ ఈమధ్య సాయంత్రాలు అంగట్లో కూర్చుంటోంది. పైపులు కొనడానికి వచ్చే రైతులు బండి బయట ఆపితే కుర్చీలోంచి లేచి పోయి చూస్తుంది. చదువు రాదు. బండి మీద ఏం రాసి ఉందో తెలియదు. అందుకే అడుగుతుంది, "ఏమప్పా, దీనికి ఏబీఎస్ ఉండాదా?" అని. కొందరు ఉంది అంటారు. కొందరు నవ్వి ఊరుకుంటారు. మొన్నొక కుర్రరైతు, పెళ్లయి ఎక్కువ కాలం కాలేదు, కొత్త బండి మీద భార్యను ఎక్కించుకుని వచ్చాడు. లేదని చెప్పి, "నీకేం తెలుసవ్వా బండ్ల సంగతి?" అన్నాడు సరదాగా.

"తెలుసు నాయనా" అంది అమ్మ.

వాడు పైపులు కట్టించుకుని పోయేదాకా గుమ్మం దగ్గరే నిలబడి, ఆ అమ్మాయి బండి ఎక్కి కూర్చోవడం చూసింది. తర్వాత లోపలికి పోయి గోడ వైపు తిరిగి పడుకుంది. అలాంటి రోజుల్లో మరదలు అంగడి తొందరగా మూసేస్తుంది.